సాంచాల ఊళ్లో చప్పుడు చేయని పిల్లలు

భివండీలో సాంచాల (మరమగ్గాల) షెడ్డులోకి వెళ్తే పక్కనున్న మనిషికి మాట వినపడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. షటిల్ మగ్గాలు వరసగా ఆడే చోట శబ్దం 90 డెసిబెల్స్ దాటడం మామూలే. పగటి పాళీ, రాత్రి పాళీ అంటూ పన్నెండేసి గంటల చొప్పున పని సాగుతూనే ఉంటుంది. షెడ్డు పైన, వెనక, పక్క గల్లీలో ఇళ్లు. మహారాష్ట్రలోని ఠాణే జిల్లాకు చెందిన ఈ ఊరి జనాభా 2011 లెక్కల్లోనే 7 లక్షలు దాటింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చి ఇక్కడే తరాలు గడిపిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఊళ్లోని పద్మానగర్‌లో తెలుగు వినపడుతుంది, ఏటా బతుకమ్మ ఆడతారు, దసరాకు సొంతూరి బస్సులు నిండిపోతాయి.

ఇలాంటి ఊళ్లో గోల చేసే పిల్లవాడు అందరి కంటా పడతాడు. బడి నుంచి ఫిర్యాదు వస్తుంది, ఇంట్లో దెబ్బలు పడతాయి, ఎవరో ఒకరు ‘వీణ్ణి డాక్టర్‌కు చూపించండి’ అంటారు. ఎవరి దృష్టికీ రానిది నోరు విప్పని పిల్ల. ‘మా బిడ్డ మస్తు నెమ్మది, ఏ బాధా పెట్టదు’ అని తల్లి మెచ్చుకునే ఆ నెమ్మదితనం నిజంగా స్వభావమేనా, లేక లోపల ఏదో నలుగుతున్నదా? ఈ తేడా పట్టుకోవడం డాక్టర్ చదువు చదివినవారికే సాధ్యమనుకోనక్కరలేదు. రోజూ బిడ్డను చూసే కళ్లకు కొన్ని కొలతలు తెలిస్తే చాలు.

ఎంతమందికి, ఏ వయసులో

బెంగళూరులోని నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు అది తేల్చింది. పల్లెల్లో కన్నా మహానగరాల్లో ఈ శాతం ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ఇంకా పెద్దది: 10 నుంచి 19 ఏళ్ల వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరు. అంటే నలభై మంది ఉన్న తరగతి గదిలో ముగ్గురి నుంచి ఆరుగురి దాకా ఉండొచ్చు.

అమెరికాలో రోనాల్డ్ కెస్లర్ బృందం 2005లో ప్రకటించిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. జీవితకాలంలో వచ్చే మానసిక రుగ్మతల్లో సగం 14 ఏళ్లకే మొదలవుతాయి, నాలుగింట మూడు వంతులు 24 ఏళ్లకు. పెద్దయ్యాక కనపడే కుంగుబాటుకో, విపరీతమైన భయాలకో వేళ్లు చాలాసార్లు బడి వయసులోనే ఉంటాయన్నమాట. ‘పెద్దయితే అదే పోతది’ అనే మాట కొన్నిటి విషయంలో నిజమే. అన్నిటి విషయంలో కాదు.

బాధ ఒంట్లోకి ఎలా దిగుతుంది

పెద్దవాళ్లు ‘నాకు దిగులుగా ఉంది’ అని చెప్పగలరు. ఏడేళ్ల పిల్లకు ఆ మాట రాదు. ఆమె చెప్పేది ఒక్కటే: ‘అమ్మా, కడుపు నొస్తుంది.’

ఇది అబద్ధం కాదు. భయం కలిగినప్పుడు మెదడు లోతుల్లో అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాద సంకేతం పంపుతుంది. హైపోథలమస్ దాన్ని అందుకుని, నాడుల ద్వారానూ పిట్యూటరీ గ్రంథి ద్వారానూ మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులను కదిలిస్తుంది. అడ్రినలిన్, కార్టిసాల్ రక్తంలో కలుస్తాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, పేగుల కదలిక మారిపోతుంది. పేగుల్లో కోట్లాది నాడీకణాలున్నాయి, మెదడుతో వాటికి నిరంతరం రాకపోకలుంటాయి. అందుకే భయపడిన బిడ్డకు కడుపులో నిజంగానే నొప్పి పుడుతుంది, నిజంగానే వాంతి వస్తుంది.

ప్రమాదం దాటగానే ఈ ఏర్పాటు సద్దుమణగాలి. అది రోజూ రగులుతూ ఉంటే నిద్ర, ఆకలి, జ్ఞాపకం దెబ్బతింటాయి. ఆవేశాన్ని ఆపి ఆలోచింపజేసే నుదుటి వెనక భాగం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్, పూర్తిగా ఎదిగేసరికి ఇరవై ఏళ్లు దాటి మరికొన్నేళ్లు పడుతుంది. పిల్లల్లో బ్రేకు ఇంకా తయారవుతూనే ఉంటుంది కాబట్టి బాధ నేరుగా ప్రవర్తనలోకి వచ్చేస్తుంది. కొట్టడం, విసిరేయడం, మంచం తడపడం, గోళ్లు కొరకడం, లేదా పూర్తిగా ముడుచుకుపోవడం.

కడుపునొప్పి వచ్చినప్పుడు ముందు పిల్లల డాక్టర్ చూడాలి. పరీక్షల్లో ఏమీ లేకుండా, బడి ఉన్న రోజు పొద్దునే వచ్చి ఆదివారం రాకుండా ఉంటే, బడి దారిలో ఏముందో వెతకాలి. ‘నాటకాలాడుతున్నవా’ అని గదమాయిస్తే దారి మూసుకుపోతుంది. ‘ఏమైంది బిడ్డా, ఎవరన్నా ఏమన్నరా?’ అంటే తెరుచుకుంటుంది.

నాలుగు కొలతలు

అనుభవమున్న నేతగాడు అంత రొదలోనూ తన సాంచా చప్పుడు మారగానే గుర్తుపడతాడు. పక్కవాడి సాంచాతో పోల్చి కాదు, నిన్నటిదాకా తన సాంచా చేసిన చప్పుడుతో పోల్చి. పిల్లల విషయంలోనూ మొదటి కొలత అదే: మార్పు. పక్కింటి పిల్ల గలగలా మాట్లాడుతుందని మన పిల్ల మౌనం జబ్బు కాదు. మొన్నటిదాకా గల్లీలో క్రికెట్ కోసం అన్నం మానేసిన పిల్లవాడు బ్యాటు ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంటే, అది మార్పు.

రెండోది కాలం. దిగులు, చిరాకు రెండు మూడు రోజులు అందరికీ ఉంటాయి. దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు, రెండు వారాలకు పైగా ఉంటే వైద్యులు కుంగుబాటు గురించి ఆలోచిస్తారు. పిల్లల్లో కుంగుబాటు ఏడుపుగా కాక చిరాకుగా, కోపంగా కనపడవచ్చని కూడా గుర్తుంచుకోవాలి. ఏకాగ్రత లేకపోవడం, నిలకడ లేని తిరుగుడు వంటి వాటికి గడువు ఇంకా ఎక్కువ: కనీసం ఆరు నెలలు.

మూడోది వ్యాప్తి. ఇంట్లోనేనా, బడిలోనూ ఉందా, ఆటలోనూ ఉందా? ఒక్క లెక్కల పీరియడ్‌లోనే అల్లరి చేస్తే ఆ పీరియడ్‌లో ఏదో ఉంది. ఇల్లు, బడి, ఆట మూడు చోట్లా అదే తీరైతే మనం బిడ్డ లోపలికి చూడాలి.

నాలుగోది నష్టం. తిండి, నిద్ర, చదువు, స్నేహాలు, వీటిలో దేనికి గండి పడింది? చీకటంటే భయపడే పిల్లలు చాలామందే. ఆ భయంతో ఇంట్లో మరుగుదొడ్డికి కూడా ఒంటరిగా వెళ్లలేకపోతే, నిద్రే పట్టకపోతే, భయానికి సాయం కావాలి.

ఈ నాలుగిట్లో రెండు మూడు కలిశాయంటే కౌన్సెలింగ్‌కు వెళ్లడానికి అది చాలిన కారణం. జబ్బు పేరు ముందే తేల్చుకోవడం తల్లిదండ్రుల పని కాదు.

రొద, నిద్ర, చదువు

సాంచాల ఊళ్లో ఒక చిక్కు అదనంగా ఉంది. పరిసరాలే కొన్ని లక్షణాలను పుట్టించగలవు. 1975లో ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త న్యూయార్క్‌లో ఒక బడిని పరిశీలించింది. బడి పక్కనే ఎత్తు వంతెన మీద నాలుగైదు నిమిషాలకో రైలు వెళ్లేది. పట్టాల వైపు గదుల్లో చదివిన ఆరో తరగతి పిల్లలు, అదే బడిలో అవతలి వైపు గదుల్లో చదివిన పిల్లల కన్నా చదవడంలో దాదాపు ఒక ఏడాది వెనకబడ్డారు. తర్వాత పట్టాలకు రబ్బరు మెత్తలు వేశారు, గదుల పైకప్పుకు శబ్దాన్ని పీల్చే పలకలు అమర్చారు. కొన్నేళ్లకు మళ్లీ చూస్తే ఆ తేడా మాయమైంది. పిల్లల తెలివిలో లోపం లేదు, వాళ్ల చెవుల్లో పడుతున్న రొదలో ఉంది.

కాబట్టి భివండీలో ‘మావాడికి చదువు ఎక్కట్లేదు, చెప్పింది వినడు’ అంటే మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష, తర్వాత కంటి పరీక్ష. రక్తహీనత ఉందేమో చూడాలి. ఆపైన నిద్ర లెక్క వేయాలి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. రాత్రి సాంచాల మోత, అర్ధరాత్రి దాకా ఫోను, ఒకే గదిలో అయిదారుగురు ఉంటే ఆ లెక్క కుదరదు. నిద్ర చాలని పిల్ల పెద్దల్లా తూలదు. ఎగురుతుంది, చిరచిరలాడుతుంది, ఏ పనీ పట్టుగా చేయదు. అది అచ్చం ఏకాగ్రత లోపంలా కనపడుతుంది. రెండు వారాలు వేళకు పడుకోబెట్టి, ఫోను పక్కన పెట్టి చూస్తే కొన్ని సందేహాలు అక్కడే తీరిపోతాయి.

ఇదే ఊళ్లో మరో వింత ఉంది. రాత్రంతా మోగే షెడ్డు పక్కన పెరిగే పిల్లకు పగలంతా వినపడే మాట ‘బాపు రాత్రి పాళీ చేసొచ్చి పన్నడు, చప్పుడు చెయ్యకు.’ ఒక్క గదిలో ఆట లేదు, గట్టిగా నవ్వు లేదు. ఇది ఎవరి తప్పూ కాదు, మీటరు లెక్కన కూలి వచ్చే పని తీరు అది. కానీ పిల్ల రోజూ గంటసేపైనా బయట పరుగెత్తేలా, ఎవరో ఒక పెద్దమనిషితో నోరారా మాట్లాడేలా చూడటం ఇలాంటి ఇంట్లో మరీ అవసరం.

మూడు భాషల నడుమ మౌనం

పద్మానగర్ పిల్ల ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో మరాఠీయో ఇంగ్లీషో మాట్లాడాలి. తాత దగ్గర ఊళ్లో పెరిగి ఏ రెండో తరగతిలోనో భివండీ వచ్చిన పిల్లవాడు కొత్త బడిలో కొన్ని నెలలు నోరు విప్పకపోవచ్చు. అది రోగం కాదు. కొత్త భాషను చెవులతో పోగుచేసుకుంటున్న కాలం అది. ఆ సమయంలో వాడు సైగలు చేస్తాడు, నవ్వుతాడు, ఆటలో కలుస్తాడు.

భాష వచ్చి కూడా బడిలో మాట పెగలకపోవడం వేరు. ఇంట్లో గలగలలాడే పిల్ల బడి గడప దాటగానే, తెలిసిన భాషలోనే అడిగినా, బిగుసుకుపోతుంది. బడిలో చేరిన మొదటి నెల తర్వాత కూడా ఇది ఒక నెలకు మించి సాగితే ‘సెలెక్టివ్ మ్యూటిజం’ అనే భయ రుగ్మత గురించి ఆలోచించాలి. దీన్ని మొండితనమని కొట్టి మాట్లాడించబోతే బిగువు ఇంకా పెరుగుతుంది. అంచెలంచెలుగా భయం తీసే పద్ధతులు దీనికి బాగా పనిచేస్తాయి.

చిన్నపిల్లల్లో మాట ఆలస్యమైతే ‘ఇంట్లో ఇన్ని భాషలు కదా, అందుకే’ అనుకోవడం మామూలు. ఎక్కువ భాషలు వినడం వల్ల మాట ఆగిపోదు. అన్ని భాషల మాటలూ కలిపి లెక్కించాలి. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే చూడకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనలేకపోయినా డాక్టర్‌కు చూపించాలి. వచ్చిన మాటలు ఏ వయసులో పోయినా సరే, ఒక్క వారం కూడా ఆగకూడదు.

తెలివిగా మాట్లాడుతూ, లెక్కలు నోటితో చేస్తూ, అక్షరాలు మాత్రం తారుమారు చేసే పిల్లలకు డిస్లెక్సియా వంటి ప్రత్యేక అభ్యసన లోపం ఉండొచ్చు. ఇలాంటి పిల్లలకు పరీక్షల్లో వెసులుబాట్లు ఇవ్వడం మహారాష్ట్రలో 1996లోనే మొదలైంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ లోపాన్ని తన జాబితాలో చేర్చింది. అయితే చదువు చెప్పే భాషే అర్థంకాక వెనకబడిన పిల్లకు ఆ ముద్ర వేయకూడదు. తెలుగులో కూడా పరీక్షించమని తల్లిదండ్రులు అడగవచ్చు.

పదమూడు దాటాక

యౌవనంలో తలుపేసుకోవడం, ఎదురు చెప్పడం సహజమే. కానీ స్నేహితులనూ దూరం పెట్టడం, పగలంతా నిద్ర రాత్రంతా మెలకువ, మార్కులు ఒక్కసారి పడిపోవడం, గుట్కాకో మద్యానికో అలవాటుపడటం, తిండి బాగా తగ్గించడం, ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కాతో గాయాలు దాచడం, ఇవి సహజం కాదు. పరీక్షల ముందూ, ఫలితాల రోజునా ఇంకాస్త కనిపెట్టి ఉండాలి.

‘నేను లేకుంటే మీకు బాధ తప్పుతది’ వంటి మాట నోట వస్తే, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతుంటే, వేచి చూడకూడదు. ‘చచ్చిపోవాలనిపిస్తుందా బిడ్డా?’ అని నెమ్మదిగా, నేరుగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయానికి ఆధారం లేదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగినందుకు చాలామంది పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. ఆ రోజు ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో మందులు, రసాయనాలు అందకుండా తీసేయాలి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒకరి దగ్గరికి వెళ్లడానికి హఠాత్తుగా భయపడటం, వయసుకు మించిన లైంగిక మాటలు, కూర్చోవడానికి ఇబ్బంది పడటం కనపడితే లైంగిక వేధింపు జరిగిందేమోనని అడగాలి. బిడ్డ చెప్పింది నమ్మాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం దాన్ని పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి.

కౌన్సెలింగ్ గదిలో ఏం జరుగుతుంది

కౌన్సెలింగ్ అంటే బుద్ధులు చెప్పడమని మనలో చాలామందికి ఒక అభిప్రాయం. నిజానికి మొదటి రోజు ఎక్కువగా జరిగేది వినడం. గర్భం నుంచి ఇప్పటిదాకా ఎదుగుదల ఎలా సాగింది, ఇంట్లో ఏం జరిగింది, బడిలో ఏమంటున్నారు అని అడుగుతారు. బ్రిటన్‌కు చెందిన రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రకటించిన 25 ప్రశ్నల పట్టిక వంటివి తల్లికీ టీచర్‌కూ విడివిడిగా ఇస్తారు. ఇద్దరి జవాబులూ పోల్చితే సమస్య వ్యాప్తి తెలుస్తుంది.

చిన్నపిల్లలు బొమ్మలతో, రంగులతో తమ కథ చెబుతారు. కాస్త పెద్దవారికి ఆలోచనకూ భయానికీ ఉన్న లంకె చూపించి, భయపడే పనిని చిన్న చిన్న మెట్లుగా చేయిస్తారు. అల్లరి, మొండితనం ఎక్కువైన పిల్లల విషయంలో శిక్షణ ముఖ్యంగా తల్లిదండ్రులకే: ఎప్పుడు మెచ్చుకోవాలి, ఏది పట్టించుకోకూడదు, కొట్టకుండా హద్దు ఎలా పెట్టాలి. కౌన్సెలర్, క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. అవసరమైతే మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు. కౌన్సెలింగ్‌కు వెళ్లిన పిల్లలందరికీ మందులు పడవు.

తల్లి ఆరోగ్యమూ చికిత్సలో భాగమే. మిర్నా వైస్‌మన్ బృందం 2006లో అమెరికాలో ప్రకటించిన అధ్యయనంలో, కుంగుబాటుతో ఉన్న తల్లులు చికిత్సతో మూడు నెలల్లో కోలుకున్న ఇళ్లలో పిల్లల సమస్యలు కూడా తగ్గాయి. తల్లులు కోలుకోని ఇళ్లలో పెరిగాయి. తండ్రి తాగుడు మానడానికి తీసుకునే సాయమూ బిడ్డకు చేసే వైద్యమే.

ఎక్కడ మొదలుపెట్టాలి

మన ఇళ్లలో పిల్లవాడు ఉలిక్కిపడితే దిష్టి తీస్తారు, దర్గాలో తాయెత్తు కట్టిస్తారు. పెద్దల మనసు కుదుటపడుతుందంటే దాన్ని వెక్కిరించనక్కరలేదు. అయితే దాని కోసం చికిత్స ఆగకూడదు. కొట్టడం, వాతలు పెట్టడం, పస్తులుంచడం మాత్రం ఏ పేరుతో చేసినా బిడ్డకు కొత్త గాయమే. ‘ఆడపిల్ల, రేపు సంబంధాలు రావు’ అనే భయమూ నిజమైనదే. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెబుతుంది.

డబ్బు లేకపోయినా దారులున్నాయి. 2022 అక్టోబర్ 10న కేంద్రం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది. దాని సేవలు అందే భాషల్లో తెలుగు ఉంది. రాత్రి పాళీ ముగించి వచ్చిన తండ్రి కూడా ఫోన్ చేయవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా ఎదుగుదల లోపాలను కూడా చూస్తాయి. వాళ్లు వచ్చిన రోజు బిడ్డను బడి మానిపించకూడదు. భివండీలోని ఇందిరా గాంధీ స్మారక ఆసుపత్రిలో పిల్లల డాక్టర్‌తో మొదలుపెట్టవచ్చు. 1901 నుంచి ఉన్న ఠాణే ప్రాంతీయ మానసిక ఆసుపత్రి ఎంతో దూరం కాదు. చదువు సమస్యల పరీక్షకు ముంబయిలో సయన్ ఆసుపత్రి ఉంది.

వెళ్లేముందు ఒక నోటు పుస్తకంలో రెండు వారాలు రాసి పెట్టుకోండి: ఎన్నింటికి పడుకుంది, ఏం తిన్నది, ఎప్పుడు ఏడ్చింది, అంతకుముందు ఏం జరిగింది. రాయడం రాకపోతే పెద్ద పిల్లల చేత రాయించండి, లేదా ఫోన్‌లో రికార్డు చేయండి. తెలుగులోనే చాలు. ప్రాణం మీదికొచ్చే మాటలు, గాయాలు, మాట పోవడం వంటివి ఉంటే ఈ రెండు వారాలూ ఆగవద్దు. డాక్టర్ దగ్గర ఉన్న ఏ పట్టిక కన్నా ఆ పుస్తకం విలువైనది. ఆ బిడ్డ నిన్న ఎలా ఉందో, ఇవాళ ఎలా ఉందో దగ్గరుండి చూసింది మీరే. మీకు అనుమానం వచ్చిందంటే, పక్కింటివాళ్లు ఏమనుకున్నా, ఒకసారి చూపించడానికి ఆ అనుమానమే సరిపోతుంది. ఏమీ లేదని డాక్టర్ చెబితే నిశ్చింతగా తిరిగి రావచ్చు. ఏదైనా ఉంటే, మొదట్లోనే పట్టుకున్నవాళ్లు మీరే అవుతారు.